మాఘమైతే లంక, వైశాఖమైతే బాలి

మా చెల్లెలి కూతురికి ఈ మాఘంలో పెళ్ళి. ముహూర్తం పెట్టుకున్న దగ్గర్నుంచీ రోజూ ఒకటే ప్రశ్న: "పెద్దమ్మా, హనీమూన్‌కి బాలి వెళ్ళమంటావా, శ్రీలంక వెళ్ళమంటావా?" మా చుట్టాల్లో రెండూ చూసొచ్చింది మా ఆయనా నేనూ ఇద్దరమే. 2024 ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్ళాం, 2025 మేలో బాలి. దానికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాను. మన వైపు నుంచి వెళ్ళాలనుకునే మరో జంటకి కూడా పనికొస్తాయి.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. పొద్దున లేచి వీధి తలుపు తీస్తే కొబ్బరి చెట్లు, కాలవ గట్టు, దాని వెనక వరిచేలు. విదేశం అనగానే ట్రావెల్స్ వాళ్ళు మొదట చూపించే ఫోటోల్లోనూ ఇవే ఉంటాయి. అందుకని దానికి ముందే చెప్పాను, ఫోటో ఎంత బాగుందో చూసి నిర్ణయించుకోవద్దని. మనూళ్ళో లేనిది అక్కడ ఏముంది, మీరు వెళ్ళే నెలలో అక్కడ వాన పడుతుందా పడదా, ఈ రెండూ తేల్చుకుంటే చాలు.

ఆ రెండూ కాక ఇంకో రెండు దేశాలూ అనుకున్నాం. వాటిలో మాల్దీవుల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. భారతీయులకి ముందుగా వీసా అక్కర్లేదు, దిగగానే అనుమతి ఇస్తారు. సముద్రం మీద కట్టిన గదిలో నాలుగు రోజులు విశ్రాంతిగా ఉండాలనుకునేవాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఒక రిసార్టు దీవిలో దిగితే తిండీ తిరుగుడూ అంతా అక్కడే, వాళ్ళు చెప్పిన రేటుకే. కొత్త ఊళ్ళు, కొత్త మనుషుల్ని చూడాలని సరదాపడే పిల్ల మాది. దానికి సరిపడదు.

వియత్నాం గురించి ఇంకొంచెం ఆలోచించాం. భీమవరం వైపు చెరువుల్లో పెంచే పంగస్ చేప పుట్టిల్లు అక్కడి మెకాంగ్ నదే. ఆ నది డెల్టాలో బెన్ త్రే అనే చోట మన కోనసీమలాగే ఎటు చూసినా కొబ్బరే, కొబ్బరి మిఠాయి అక్కడ పెద్ద వ్యాపారం. మధ్య వియత్నాంలో హోయ్ ఆన్ అనే పాత రేవు పట్నం, దానికి దగ్గర్లోనే మీ సన్ అనే చోట చంపా రాజులు కట్టించిన శివాలయాలు ఉన్నాయి. ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. అయితే అక్టోబరు, నవంబరుల్లో హోయ్ ఆన్‌లో వరదలొస్తాయి. పైగా సముద్రంలో రాతి కొండలుండే హా లాంగ్ ఉత్తరాన, మెకాంగ్ దక్షిణాన. రెండూ చూడాలంటే లోపల మళ్ళీ విమానం ఎక్కాలి. వారం రోజుల సెలవుతో వెళ్ళే కొత్త జంటకి ప్రయాణాలతోనే సరిపోతుంది. అందుకే దాన్ని మరోసారికి ఉంచుకోమన్నాను.

ఇక మిగిలినవి రెండు.

శ్రీలంకలో మనకి లేనిది కొండ, చలి, ఆ రెండింటి మధ్య నడిచే రైలు. కాండీలో ఎక్కితే ఎల్ల చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. చాలా నెమ్మదిగా వెళ్తుంది, ఆ నెమ్మదే దాని అందం. కిటికీలు తెరిచే ఉంటాయి. తేయాకు తోటలు కిటికీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వస్తాయి, మలుపు తిరగ్గానే లోయ అడుగున ఊరు కనిపిస్తుంది, ఇంకో మలుపులో మంచు కమ్మేసి ఏమీ కనబడదు. పట్టిపొల స్టేషన్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. కాలవ లాకు దగ్గర నాలుగడుగుల ఎత్తు తేడాని చూస్తూ పెరిగినదాన్ని, అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడితే నాకు మాట రాలేదు.

దారిలో ఒకతను బుట్టతో ఎక్కి "వడే, వడే" అని కేక వేశాడు. పప్పు వడ మీద పొట్టుతోనే ఒక రొయ్యని అద్ది వేయించాడు. ఇస్సో వడే అంటారట. ఎవరో పిల్లల నోటుబుక్కులో కాగితం చింపి పొట్లం కట్టిచ్చాడు. కాగితం మీద నీలం సిరాతో గుండ్రటి సింహళ అక్షరాలు, వాటి పక్కన టీచరు పెట్టిన ఎర్ర టిక్కులు. రొయ్యల చెరువుల మధ్య పుట్టినా వడ మీద రొయ్య పెట్టొచ్చని మనకి తోచలేదే అన్నారు మా ఆయన. ఆ పొట్లం కాగితాన్ని నూనె మరకతో సహా ఇప్పటికీ దాచుకున్నాను.

వాళ్ళ తిండి మనకి పరాయిగా అనిపించదు. అన్నం, పప్పు, కొబ్బరి పాలు పోసిన కూరలు, పొల్ సాంబోల్ అనే కొబ్బరి పచ్చడి. నీచు తిననివాళ్ళు మాత్రం ఆ పచ్చడి తినేముందు అడగాలి, అందులో చాలాచోట్ల ఎండు చేప పొడి కలుపుతారు. కాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి చూశాక, ఆ ఊరిని చివర్లో ఏలిన నాయక్కర్ రాజులు తెలుగు మూలాలున్న వాళ్ళని తెలిసింది. వాళ్ళలో ఆఖరివాడైన శ్రీవిక్రమ రాజసింహని 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకి పంపేశారు. ఆ గుడి ప్రాంగణంలో నిలబడి ఈ సంగతి వింటుంటే, ఎప్పుడో దూరమైపోయిన చుట్టాల కబురు విన్నట్టే అనిపించింది.

మేం చేసిన తప్పు ఒకటుంది, అది చెప్పాలి. ప్యాకేజీ తీసుకున్నాం. మసాలా తోట అని ఒక చోట, రత్నాల కొట్టు అని ఇంకో చోట రెండు పూటలు కూర్చోబెట్టారు. వాళ్ళకి కమిషన్, మనకి పోయిన టైమ్. కారు, డ్రైవరు మాట్లాడుకుని మన ఇష్టప్రకారం తిరగడమే మేలు. రైలు టికెట్లు నెల ముందు తెరుస్తారు, తెరిచిన వెంటనే అయిపోతాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఆ రైలు మార్గం బాగా దెబ్బతింది. 1996 తుఫాను చూసిన మనకి వాళ్ళ కష్టం ఒకరు చెప్పక్కర్లేదు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ వరకు బండి నడుస్తోందో కనుక్కుని, ఆ తర్వాతే హోటల్ బుక్ చేసుకోవాలి.

బాలి సంగతి వేరు. మొదటి రెండు రోజులు నాకు కొంచెం నిరాశగానే ఉంది. కొబ్బరి, అరటి, వరి, గుడి, ఇవన్నీ మనకి ఉన్నవేగా అనుకున్నాను. మూడోరోజు జతిలువీ అనే ఊరికి వెళ్ళాం. కొండ వాలంతా మెట్లుమెట్లుగా వరిమళ్ళు, పై మడి నుంచి కింది మడికి నీళ్ళు దిగుతున్న చప్పుడు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మా ఆయన ఒక బోదె దగ్గర గొంతుక్కూర్చుండిపోయారు. అక్కడ బోదెకి అడ్డంగా ఒక దిమ్మ, దానికి రెండు గండ్లు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. కింద ఎంత భూమి ఉంటే గండి అంత. తూము తిప్పే మనిషి లేడు, తాళం లేదు.

మా డ్రైవరు కూడా రైతే. ఆయన చెప్పాడు, దాన్ని సుబక్ అంటారని. ఒక నీటివాటం కింద ఉన్న రైతులంతా ఒక సంఘం, ఆ సంఘానికి ఒక గుడి. ఎవరు ఎప్పుడు నాట్లు వెయ్యాలో ఆ గుడి దగ్గరే కూర్చుని నిర్ణయించుకుంటారు. ఇది 9వ శతాబ్దం నుంచీ ఉందట, 2012లో యునెస్కో జాబితాలో చేర్చారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మనమూ కాలవ నీటి మీదే బతుకుతున్నాం. రెండో పంట దాళ్వాలో శివారు చేలకి నీళ్ళు ఎక్కక రైతు గట్టు మీద రాత్రుళ్ళు కాపలా కాయడం మా ఇంట్లోనే చూశాను. మా ఆయన గంటసేపు అక్కణ్ణుంచి లేవలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను అరుదుగా చూశాను.

మేం దిగిన ఇంట్లో పొద్దున్నే ఒకావిడ లేత కొబ్బరాకు చీల్చి చిన్న పళ్ళెంలా మడిచి, వెదురు పుల్లతో గుచ్చి, పూలూ అన్నం మెతుకులూ పెట్టి గుమ్మం ముందు ఉంచేది. చనాంగ్ అంటారు. నేనూ ఒక ఆకు తీసుకున్నాను. చిన్నప్పుడు కొబ్బరాకుతో బూరలు, వాచీలు చేసిన చెయ్యి కదా, రెండోది సరిగ్గానే వచ్చింది. ఆవిడకీ నాకూ ఒక్క మాట కలవకపోయినా మిగిలిన మూడు రోజులూ పొద్దున అరగంట ఆవిడ పక్కనే కూర్చున్నాను.

అంత బాగున్నదాన్ని మా పిల్లకి ఎందుకు వద్దంటున్నానంటే, నెల. బాలిలో నవంబరు నుంచి మార్చి వరకు వానలు. మాఘం సరిగ్గా అందులో పడుతుంది. మార్చిలో ఇంకోటి, వాళ్ళ శక సంవత్సరం మొదలయ్యే రోజు న్యెపి. ఆ రోజంతా దీవి మొత్తం మౌనం, వీధిలోకి ఎవరూ రారు, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. టికెట్ తీసేముందు ఆ తేదీ చూసుకోవాలి. శ్రీలంకలో కొండ ప్రాంతం, దక్షిణ తీరం జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో బాగుంటాయి. మిరిస్స దగ్గర సముద్రంలో తిమింగలాలు కనిపించేదీ అప్పుడే. మే వచ్చేసరికి అటు నైరుతి వానలు మొదలవుతాయి, బాలిలో ఎండలు కాస్తాయి. కాబట్టి వైశాఖంలో పెళ్ళయినవాళ్ళు బాలి వెళ్ళాలి.

వ్యవసాయం ఉన్న జంటకి ఇంకో లెక్క కూడా ఉంది. ఫిబ్రవరి అంటే దాళ్వా చేను మంచి అదనులో ఉంటుంది. శ్రీలంకలో ఉన్నన్నాళ్ళూ మా ఆయన రోజూ సాయంత్రం మరిదికి ఫోన్ చేసి "వంతు నీళ్ళొచ్చాయా?" అని అడుగుతూనే ఉన్నారు. నువర ఎలియ అనే కొండ ఊళ్ళో చలికి వణుకుతూ కూడా అదే టెన్షన్. మేలో కోతలు అయిపోతాయి, కాలవలు కట్టేస్తారు, ధాన్యం డబ్బులు చేతికొస్తాయి. బాలిలో వారం రోజుల్లో ఆయన ఇంటికి చేసింది రెండే ఫోన్లు. పెళ్ళయి పాతికేళ్ళు దాటిన రైతు దంపతులెవరైనా నన్నడిగితే బాలి అనే చెబుతాను.

ఖర్చూ దూరమూ చూస్తే లంకే తేలిక. రాజమండ్రిలో సాయంత్రం సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై, అక్కణ్ణుంచి కొలంబోకి గంటన్నర లోపు. అమలాపురం నుంచి రాజమండ్రి బస్సు ప్రయాణం అంతకన్నా ఎక్కువే. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు. వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి, అంతే. బాలికి బెంగళూరు నుంచి నేరుగా వెళ్ళినా ఆరేడు గంటలు. దిగాక వీసాకి మనిషికి 5 లక్షల రూపాయాలు, పర్యాటక పన్ను మరో లక్షన్నర. వాళ్ళ డబ్బు పేరు రూపాయా, భయపడొద్దు, రెండూ కలిపి మన డబ్బుల్లో మూడున్నర వేల చిల్లర.

నిన్న రాత్రి పిల్ల ఫోన్ చేసింది. శ్రీలంకే ఖాయం చేసుకున్నారట, కాండీలో రెండు రోజులు, కొండల్లో మూడు, గాల్ కోట దగ్గర రెండు. అల్లుడు వడ మీద రొయ్య సంగతి విని నవ్వాడట. "పెద్దమ్మా, మనింట్లో ఎవరి దగ్గరైనా స్వెట్టర్ ఉందా?" అంది. నువర ఎలియ బజార్లో చలికి తట్టుకోలేక కొనుక్కున్న ముదురాకుపచ్చ స్వెట్టర్ ఒకటి బీరువా అడుగున ఉంది. పొద్దున్నే తీసి, కలరా ఉండల వాసన పోయేలా పెరట్లో దండెం మీద ఆరేశాను.