ఇటరేటర్ పగ్గం ఎవరి చేతిలో ఉంటే మేలు?

జూన్, జూలై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాటా దగ్గరున్న మనిషి "తర్వాతి బండి రానీ" అంటే ఒకటి లోపలికొస్తుంది. ఇది పిలిచే పద్ధతి. అలా కాకుండా గేటు మనిషే బండ్లు వరసగా లోపలికి తోలుతూ ఉంటే, కాటా మనిషి వచ్చినదాన్నల్లా తూస్తూ పోవాలి. ఇది తోలే పద్ధతి. ప్రోగ్రామింగ్ భాషలో ఇటరేటర్, అంటే జాబితాలోని వస్తువులను ఒక్కొక్కటిగా అందించేది, ఎలా ఉండాలన్న వాదన మొదలయ్యేది ఇక్కడే. పగ్గం వాడుకునేవాడికివ్వాలా, అందించేవాడికివ్వాలా?

పైథాన్, జావా, రస్ట్ మొదటి దారిలో ఉన్నాయి. రూబీలో 'ఈచ్' రెండో దారి: చేయాల్సిన పనిని బ్లాక్‌గా, అంటే చిన్న కోడ్ ముక్కగా రాసిస్తే, 'ఈచ్' ఒక్కో వస్తువునూ తెచ్చి ఆ బ్లాక్ చేతికిస్తుంది. గో భాష కూడా 2024లో, 1.23 వెర్షన్‌లో, ఈ దారే పట్టింది.

తోలే పద్ధతి ఇటరేటర్ రాసేవాడికి హాయి. చెట్టు ఆకారంలో ఉన్న డేటానైతే రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) నాలుగు లైన్లలో చుట్టి రావచ్చు. పిలిచే పద్ధతిలో ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకోవడానికి సొంతంగా స్టాక్, అంటే వచ్చిన దారి గుర్తుల దొంతర, మోయాలి. ఆ బరువు దించేది 'యీల్డ్': ఒక విలువ ఇచ్చి ఫంక్షన్ అక్కడే ఆగుతుంది, మళ్లీ అడిగితే అక్కడి నుంచే సాగుతుంది. 1970లలోనే బార్బరా లిస్కోవ్ బృందం చేసిన క్లూ భాషలో అది ఉంది. పైథాన్‌కు 2001లో వచ్చింది.

వాడేవాడి వైపు నుంచి చూస్తే కథ మారిపోతుంది. నాకు తెలిసిన మామిడి రైతుల కోసం ఓసారి చిన్న ప్రోగ్రామ్ రాశాను. కాటా చీటీల జాబితా ఒకటి, రైతులు రాసుకున్న నోటుబుక్కు ఒకటి, రెండూ టోకెన్ నంబర్ వరసలోనే ఉన్నాయి. తేడాలు పట్టుకోవాలి. తోలే పద్ధతిలో మొదటి జాబితా నా మీదికి చీటీలు విసురుతుంటే, మధ్యలో రెండోదాన్ని "ఒక్కటివ్వు" అని అడిగే వీల్లేదు. ఒకదాన్ని మొత్తంగా మెమరీలో పోసుకోవాల్సి వచ్చింది. పిలిచే పద్ధతికి మార్చాక ఏ టోకెన్ చిన్నదైతే దాన్నే ముందుకు జరిపాను, పని తేలిపోయింది. ఈ ఇబ్బంది గో వాళ్లకూ తెలుసు, అందుకే తోలేదాన్ని పిలిచేదిగా మార్చే 'ఇటర్ పుల్' కూడా పెట్టారు.

నా ఓటు పిలిచే పద్ధతికే. అయితే సరుకు అయిపోయిందని చెప్పడం ఎలా?

జావాలో ముందు "ఉందా?" అనడగాలి, తర్వాత "ఇవ్వు" అనాలి. మర్యాదగానే ఉంది. కానీ ఫైల్ చదువుతున్నప్పుడు తర్వాతి లైన్ ఉందో లేదో చదివితే గానీ తెలియదు. "ఇంకా ఉండాయా బండ్లు?" అంటే గేటు మనిషి మలుపు దాకా పోయి, ఒక బండిని వెంటబెట్టుకొచ్చి, గోడ పక్కన దాచి "ఉండాయి సార్" అన్నట్టు. ఒట్టి ప్రశ్నకే సగం పని అయిపోతుంది.

పైథాన్‌లో ఒకటే ప్రశ్న, అయిపోతే 'స్టాప్ ఇటరేషన్' అనే ఎక్సెప్షన్, అంటే మామూలు దారి ఆపేసే సంకేతం, లేస్తుంది. దీనితో నేను గట్టిగానే తిన్నాను. జెనరేటర్ (యీల్డ్‌తో రాసిన ఫంక్షన్) లోపల ప్రతి ఫైల్‌లో హెడ్డింగ్ లైన్ దాటడానికి, తర్వాతిది ఇమ్మని అడిగే 'నెక్స్ట్' పిలిచాను. ఒకరోజు ఫైల్ ఖాళీ. అక్కడ లేచిన ఎక్సెప్షన్‌ను బయటి లూప్ "అంతా అయిపోయింది" అనుకుంది. ఆ తర్వాతి రోజుల లెక్కలన్నీ మాయం, ఎర్రర్ ఒక్కటీ లేదు. పైథాన్ 3.7 నుంచి అలా జరిగితే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. నాది అప్పటికింకా 3.6.

రస్ట్‌లోనూ ప్రశ్న ఒకటే, జవాబు మాత్రం కవర్లో పెట్టినట్టు వస్తుంది: వస్తువైనా ఉంటుంది, 'నన్' (ఏమీ లేదు) అయినా ఉంటుంది. కవర్ విప్పి చూడకుండా వస్తువును వాడలేం, కాబట్టి మరిచిపోయే ప్రమాదం లేదు. మూడింటిలో నాకు నచ్చింది ఇదే.

దీనికీ ఒక మెలిక ఉంది. ఒకసారి 'నన్' వచ్చాక మళ్లీ అడిగితే మళ్లీ అదే వస్తుందని రస్ట్ అన్ని ఇటరేటర్లకూ హామీ ఇవ్వదు. కావాలంటే ఆ హామీ ఇచ్చే 'ఫ్యూజ్' తగిలించుకోవాలి. పైథాన్‌లో ఒకసారి అయిపోయిందంటే ఎన్నిసార్లు అడిగినా అయిపోయిందనే చెప్పాలని నియమం. గేటు మూశామని చెప్పిన పావుగంటకు ఇంకో ట్రాక్టర్‌ను పంపిస్తే కాటా మనిషి ఊరుకుంటాడా? ఈ ఒక్క విషయంలో నేను పైథాన్ పక్షమే.