లద్దాఖ్‌లో రాత్రి బస: మీరిచ్చే డబ్బు ఏ ఇంటికి చేరుతుంది?

లద్దాఖ్ ప్యాకేజీ టూర్లలో ఒక విడ్డూరం ఉంది. చూపించేవి పల్లెలు, పడుకోబెట్టేది మాత్రం ఆ పల్లెలతో సంబంధం లేని చోట. హుండర్ ఇసుక తిన్నెల పక్కన ఒక టెంట్ల వరస, పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఇంకో వరస, లేహ్‌లో ఒక హోటల్. ఈ క్యాంపుల్లో చాలావాటికి వంటవాళ్లు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ కొండ దిగువ నుంచి లారీల్లో వస్తాయి. మన వైపు నుంచి వెళ్లే కొన్ని బృందాలైతే వంటమనిషిని, బియ్యం బస్తాలను కూడా వెంట తీసుకెళ్తాయి. అప్పుడిక ఆ ఊరికి మిగిలేది ఖాళీ నీళ్ల సీసాలే. అందుకే ఇక్కడ బసలను సౌకర్యం, ధరలతో పాటు, కట్టిన డబ్బులో ఎంత ఆ ఊళ్లోనే ఆగుతుందన్నది కూడా కలిపి తూచి చూద్దాం.

ఆ లెక్కన మొదటి స్థానం రుంబక్‌దే. హెమిస్ నేషనల్ పార్కు లోపల, సుమారు 3,900 మీటర్ల ఎత్తులో పట్టుమని పది ఇళ్లు కూడా లేని ఊరు. లేహ్ నుంచి స్పితుక్ మీదుగా జింగ్‌చెన్ వరకు టాక్సీలో వెళ్లి, అక్కడి నుంచి వాగు వెంట రెండు మూడు గంటలు నడవాలి. ఇక్కడి హోమ్‌స్టేల వెనుక కథ మంచు చిరుతది. రాత్రిపూట అది దొడ్లోకి దూరితే ఒక్క మేకతో ఆగదు. గొర్రెలు బెదిరి అటూ ఇటూ పరిగెత్తేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి పడగొడుతుంది. ఒక్క రాత్రిలో ఒక కుటుంబం ఏడాది సంపాదన పోయేది. కోపంతో చిరుతను చంపేసేవారు. 2000ల తొలినాళ్లలో స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ, లద్దాఖీ ప్రకృతివేత్త రించెన్ వాంగ్‌చుక్ పూనికతో, రెండు పనులు కలిపి చేసింది. దొడ్లకు పైన ఇనుప జాలీ వేయించి, గట్టి తలుపు పెట్టించింది. ఇంట్లో ఒక గదిని అతిథులకు ఇచ్చుకోవడం నేర్పింది. చిరుతను చూడ్డానికి వచ్చేవాళ్లే ఆ ఇంటికి ఆదాయం అయ్యారు.

వంతుల పద్ధతే ఈ ఏర్పాటుకు ప్రాణం. అతిథులు ఊళ్లోకి రాగానే ఎవరింటి వంతు ఉంటే వాళ్లింటికి పంపుతారు. తర్వాతి జట్టు పక్కింటికి. రేటు అన్ని ఇళ్లకూ ఒక్కటే. ఆదాయంలో పదోవంతు ఊరి నిధికి వెళ్తుంది. చెత్త ఏరించడం, మొక్కలు నాటడం లాంటి ఉమ్మడి పనులకు దాన్ని వాడతారు. ఇటీవలి సీజన్లలో రాత్రి భోజనం, పొద్దున టిఫిను, మధ్యాహ్నానికి కట్టిచ్చే పొట్లంతో కలిపి మనిషికి సుమారు ₹1,200 నుంచి ₹1,500 వరకు ఉంది. ఆ డబ్బు చాలా ఇళ్లలో ఇంటావిడ చేతికే వెళ్తుంది. లేహ్‌లో పిల్లల చదువు ఖర్చుకు ఎక్కువగా ఆధారపడేది దానిమీదే.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలుసుకోవాలి. కొందరు ఏజెంట్లు, గైడ్లు వంతును పక్కనబెట్టి, కొత్తగా గది కట్టిన ఇంటికో, దారి పక్కనున్న ఇంటికో తమ జట్లను నేరుగా తోలుకెళ్తారు. మనం కూడా ఫొటో చూసి ‘ఆ ఇల్లే కావాలి’ అని పట్టుబట్టి అందుకు తోడవుతాం. వయసు మళ్లినవాళ్లు మాత్రమే ఉన్న ఇల్లు అలా వెనకబడిపోతుంది. బుక్ చేసేటప్పుడు ‘వంతు ప్రకారం ఏ ఇల్లైనా సరే’ అని ముందే చెబితే చాలు.

గదిలో మంచం ఉండదు. నేలమీద పరుపు, బరువైన దుప్పట్లు, శుభ్రంగా ఉంటాయి. సోలార్ లైటు ఉంటుంది గానీ ఫోన్ ఛార్జింగ్‌ను నమ్ముకోకూడదు, పవర్ బ్యాంకు తెచ్చుకోవాలి. కూర్చోవడం, తినడం అంతా వంటింట్లోనే. మధ్యలో నగిషీల ఇనుప పొయ్యి, గోడల నిండా వరసగా ఇత్తడి, రాగి పాత్రలు. పొయ్యిలో కాలేది ఎక్కువగా ఎండిన పేడే. రాత్రికి అన్నం, పప్పు, పెరట్లోని ఆకుకూర పెడతారు, లేదా గోధుమపిండి ముద్దలు, దుంపలు వేసి ఉడికించిన స్క్యూ. పొద్దున ఖంబీర్ రొట్టె, వెన్న, ఉప్పు వేసిన వెన్న టీ. ఆ టీ అందరికీ పట్టదు, రెండు గుక్కలు తాగి నవ్వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. అందుకని ఏం తింటారో సాయంత్రం అయిదు లోపే చెప్పాలి. పచ్చళ్లు, కారప్పొడులు పట్టుకెళ్లడంలో తప్పేమీ లేదు. బ్యాగు నిండా ఇన్‌స్టంట్ ఉప్మా పట్టుకెళ్లి భోజనం ధర తగ్గించమనడం మాత్రం బాగోదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మరుగుదొడ్డి దగ్గర. మట్టి నేల గది, మధ్యలో చదరపు కన్నం, మూలన మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు మూడు పారల మట్టి కిందికి తోయాలి. నీళ్లు పోయకూడదు. కింది గదిలో పోగయ్యే ఎరువు బార్లీ పొలానికి వెళ్తుంది. తడి చేరితే కంపు కొడుతుంది, చలికాలంలో గడ్డకట్టి పారకు కదలదు. టిష్యూ పేపరు వేయవచ్చు. వెట్ వైప్స్, శానిటరీ ప్యాడ్లు మాత్రం కవర్లో చుట్టి లేహ్‌కు తిరిగి తెచ్చుకోవాలి. నీళ్లు లేనిదే కుదరదు అనుకునేవాళ్లు ఇంటావిడను అడిగితే కడుక్కునే మూల చూపిస్తారు. అక్కడ చిన్న మగ్గుతో సరిపెట్టుకోవాలి, ఆ నీళ్లు ఎవరో వాగు నుంచి మోసుకొచ్చినవి.

రుంబక్ దాటి గండా లా కనుమ ఎక్కి స్క్యూ, మార్ఖా ఊళ్ల వైపు దిగితే అక్కడా ఇలాంటి ఇళ్లే. అయితే చిలింగ్ నుంచి మార్ఖా లోయలోకి రోడ్డు వచ్చాక నడిచేవాళ్ల లెక్క మారింది. జీపులో వచ్చి, టీ తాగి, సాయంత్రానికి వెనక్కి వెళ్లేవాళ్లు పెరిగితే పడకల ఆదాయం తగ్గుతుంది. రోడ్డు వల్ల ఆ ఊళ్లకు ఆసుపత్రి, గ్యాస్ సిలిండరు దగ్గరయ్యాయి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. జీపులో వెళ్లినా రాత్రికి ఆగడం మన చేతిలో ఉన్న పని. గుర్రం మాట్లాడుకుంటే దాని తిరుగు ప్రయాణపు రోజుకు కూడా కూలి లెక్క కడతారు. మొదటే అడగకపోతే చివర్లో గొడవ అవుతుంది.

తుర్‌తుక్ పూర్తిగా వేరే రకం. లేహ్ నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు, నుబ్రా వైపు, ష్యోక్ నది ఒడ్డున బాల్టీ ముస్లింల ఊరు. 1971 యుద్ధంలో భారత్ చేతికి వచ్చింది, పర్యాటకులకు తెరిచింది 2010లో. ఎత్తు 3,000 మీటర్ల లోపే కాబట్టి నిద్ర బాగా పడుతుంది. ఇక్కడ వంతుల్లేవు, ఎవరి గెస్ట్‌హౌస్ వారిదే, పోటీ ఉంది. అయినా నడిపేది చాలావరకు ఊరివాళ్లే. అటాచ్డ్ బాత్రూమ్, వేడి నీళ్లు కావాలనుకునే పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబాలకు రుంబక్ కన్నా ఇదే నయం. బక్‌వీట్ అట్టు కిసీర్ అడిగి చేయించుకోండి, మెనూలో ఉండేది మాత్రం తరచుగా మ్యాగీయే. రాళ్ల మధ్య చల్లగాలి వచ్చేలా కట్టిన నంగ్‌చుంగ్ అనే గదుల్లో వెన్న, మాంసం దాచుకుంటారు, చూపించమంటే చూపిస్తారు. మద్యం తేవద్దు. ఆడవాళ్ల ఫొటో అడక్కుండా తీయొద్దు. చాలామంది నుబ్రాలోని డిస్కిట్ నుంచి పొద్దున వచ్చి మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. ఊరు ఊపిరి పీల్చుకునేది వాళ్లు వెళ్లాకే, కాబట్టి రాత్రి ఉండాల్సిందే.

పాంగాంగ్ దగ్గర టెంటుకు మేం మార్కులు వేయలేం. సరస్సు 4,200 మీటర్ల పైన ఉంటుంది. రాత్రి గుడ్డ గోడల మధ్య చలి, గాలి రొద. జనరేటరు ఉన్న చోట ఆ మోత అదనం, అది ఆగాక చీకటి. ఇన్ని క్యాంపుల మురుగు నీటి ఒడ్డుకు దగ్గర్లోనే ఇంకుతుందన్నది ఇంకో సమస్య. స్పంగ్‌మిక్ దాటి మాన్, మేరక్ ఊళ్లలో ఇళ్లలోనే గదులు ఇస్తారు. మందపు మట్టి ఇటుకల గోడ, ఎండ వైపు అద్దాల కిటికీ, పగటి వేడిని రాత్రికి దాచి పెడతాయి. టెంటు కన్నా చవక, టెంటు కన్నా వెచ్చన. పాంగాంగ్‌ను నుబ్రా తర్వాతే పెట్టుకోండి. దిగిన రెండో రోజే అక్కడ పడుకోబెట్టే ప్యాకేజీ కనబడితే వదిలేయండి. తలనొప్పి, వాంతులు, రాత్రంతా ఆక్సిజన్ సిలిండరు పక్కన జాగారం, ఇవన్నీ ఆ తొందర వల్లే.

లేహ్ (3,500 మీటర్లు) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విమానం దిగాక రెండు రాత్రులు కదలకుండా ఉండాలి. అందుకు శంకర్, చంగ్స్పా వైపు తోట ఉన్న కుటుంబ గెస్ట్‌హౌస్ చాలు. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే పడే చోట పెద్ద హోటళ్లు బోర్లు వేసి నీళ్లు తోడుతున్నాయి. షవరు బదులు బకెట్ ఇచ్చే గెస్ట్‌హౌస్‌ను చిన్నచూపు చూడొద్దు. అక్కడ ఆడవాళ్ల సంఘం ఊదరగొట్టి 1998లోనే ప్లాస్టిక్ సంచులను నిషేధింపజేసిన ఊరు అది. సీసాలో మరిగించిన నీళ్లు నింపి ఇచ్చే చోట్లు ఉన్నాయి, ఖాళీ సీసా పట్టుకెళ్తే సరి.

కొనుగోళ్లలో మోసం ఎక్కువ. మెయిన్ బజారులో అయిదారు వందలకు ‘పష్మీనా’ అని అమ్మేది విస్కోసో, అక్రిలికో. అసలు పష్మీనా చంగ్‌తంగ్ పీఠభూమి మేకల నుంచి దువ్వి తీస్తారు. అందులో చాలా భాగం ముడి ఉన్నిగానే లద్దాఖ్ దాటిపోతుంది, లాభం వేరేచోట వస్తుంది. చేత్తో వడికి ఇక్కడే నేసినది కావాలంటే 2017లో మొదలైన లూమ్స్ ఆఫ్ లద్దాఖ్ మహిళా సహకార సంఘం దుకాణానికి వెళ్లండి. ధర వేలల్లో ఉంటుంది, పోగు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, అది చేతి పని గుర్తు.

ఖుబానీ కా మీఠా తినే హైదరాబాదువాళ్లకు ఎండు ఆప్రికాట్ కొత్త కాదు. బజారు పేవ్‌మెంట్ మీద కూర్చునే లద్దాఖీ ఆడవాళ్ల దగ్గర కొనండి. గోధుమ రంగులో, ముడతలు పడి, చూడ్డానికి బాగోనివే తీసుకోండి. మెరిసే నారింజ రంగు గంధకం పొగ పెట్టినవాటికి వస్తుంది. తెల్ల గింజ ఉండే రక్త్‌సే కార్పో రకానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, దాని పప్పు తియ్యగా ఉంటుంది. చేదు పప్పు మాత్రం బాదంలా గుప్పెళ్లతో తినొద్దు. అందులో సైనైడ్ తయారయ్యే పదార్థం ఉంటుంది, నూనె తీసేందుకే అది.

టాక్సీలకు యూనియన్ అచ్చు వేసిన రేట్ల పట్టిక ఉంది. దానిమీద పెద్దగా బేరం సాగదు, ఆగే గంటలు, తిరుగు ప్రయాణం వేరేగా రాసి ఉంటాయి, చదువుకుని ఎక్కండి. బయట రిజిస్ట్రేషన్ ఉన్న అద్దె బైకు, కారు తెచ్చుకుంటే నుబ్రా, పాంగాంగ్ దారిలో ఆపేస్తారు. ఇద్దరే ఉంటే షేర్ టాక్సీ చవక. బస్సులు ఉన్నాయి గానీ కొన్ని ఊళ్లకు వారంలో కొన్ని రోజులే నడుస్తాయి, ముందు రోజు స్టాండులో అడగాలి.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అదీ లేహ్‌లోనే నమ్మకంగా. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్‌పే స్క్రీన్ చూపించి ‘తర్వాత పంపిస్తాం’ అనడం వాళ్లకు అప్పు పెట్టడమే. లేహ్ ఏటీఎంలోనే డబ్బు తీసి, వంద, రెండొందల నోట్లుగా మార్చుకుని వెళ్లండి. ముందే ఏజెంటుకు కట్టి ఉంటే అందులో ఇంటివాళ్లకు ఎంత చేరుతుందో రసీదు మీద రాయించుకోండి. రాయను అంటే ఆ ఏజెంటును మార్చడమే మేలు.