అరసవల్లి వెళ్ళినవాళ్ళు జామియా మసీదు కూడా చూడండి

శ్రీకాకుళం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరసవల్లి దర్శనం చేసుకుని, శ్రీకూర్మం చూసి, సాయంత్రానికి విశాఖ బస్సెక్కేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే చేశాం. ఈసారి ఒక రాత్రి ఆగింది మాత్రం ఊళ్ళో ఉన్న జామియా మసీదు కోసమే.

ముందు బస సంగతి చెప్పేస్తాను. రైలు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. అక్కణ్ణించి ఊళ్ళోకి 12, 13 కిలోమీటర్లు. షేర్ ఆటోలు, బస్సులు దొరుకుతాయి. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ వేణ్ణీళ్ళు ఉదయం గంటసేపే ఇచ్చారు. ఆ మాట రాత్రి చెప్పలేదు. డబ్బు కట్టేముందు అడిగి తెలుసుకోండి. వీలైతే ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల గది తీసుకోండి, టిఫిన్‌కి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం నాటికి ఈ ఊరు చికాకోల్. ఫౌజుదారుగా, అంటే ఈ ప్రాంతాన్ని ఏలే సైనికాధికారిగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఈ మసీదు కట్టించాడు. చార్మినార్ కట్టిన 50 ఏళ్ళకన్నమాట. హైదరాబాద్ మక్కా మసీదు 1617లో మొదలై 1694కి గానీ పూర్తి కాలేదు. అంటే రాజధానిలో పెద్ద మసీదు పని ఇంకా సాగుతుండగానే ఈ నాగావళి ఒడ్డు ఊళ్ళో మసీదు లేచింది. ఈ లెక్క తెలిశాక ఊరి మీద నాకు గౌరవం పెరిగింది.

మక్కా మసీదులో 15 కమానుల హాలు చూసిన కళ్ళకి ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ పోలిక పెట్టుకోకండి. మేం నమాజు లేని వేళ చూసుకుని పదింటికి వెళ్ళాం. మా ఆవిడ తల మీదికి కొంగు లాక్కుని, లోపలికి రావచ్చా అని ముందే అడిగింది. వజూ చేసే చోట, అంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే చోట కూర్చున్న పెద్దాయన లేచొచ్చారు.

“ఎక్కడి నుంచొచ్చినారు బాబూ? రండమ్మా, చెప్పులక్కడ ఇడిసేయండి.”

పడమటి గోడలో కమాను ఆకారంలో ఉన్న గూడు దగ్గరికి తీసుకెళ్ళారు. మిహ్రాబ్. నమాజు చేయించే ఇమాం నిలబడే చోటు, మక్కా దిక్కు చూపించేదీ అదే. పెద్దాయన గోడవైపు తిరిగి మామూలు గొంతుతో రెండు మాటలన్నారు. వెనక గుమ్మం దగ్గరున్న మా ఆవిడకి స్పష్టంగా వినపడ్డాయి. గోడకి ముఖం పెట్టి చదివే ఇమాం గొంతును ఆ గూడు వెనక్కి తిప్పి వరసలకి పంపుతుందట. భుజం భుజం కలిపి నిలబడే వరసలు కాబట్టే మసీదు హాలు లోతుకంటే వెడల్పు ఎక్కువ. గుడిలో గర్భాలయం వైపు లోపలికి వెళ్తూ ఉంటాం, ఇక్కడ పక్కలకి విస్తరిస్తాం. ఇన్నేళ్ళుగా మసీదులు చూస్తూ ఈ తేడా నేను గమనించనేలేదు.

బయట ఎండ మండిపోతున్నా లోపల రాయి చల్లగా ఉంది. పావుగంట అలా కూర్చుండిపోయాం. డబ్బులివ్వబోతే ఆయన తీసుకోలేదు.

మధ్యాహ్నం అరసవల్లి, ఊరికి ఆనుకునే. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడేలా కట్టిన గుడి. మర్నాడు శ్రీకూర్మం. అక్కడ స్వామి పడమర చూస్తాడు, అందుకే తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు. మసీదు చూసొచ్చాక ఈ దిక్కుల సంగతి కొత్తగా అర్థమైంది, ఈ క్రమంలోనే చూడమని అందుకే అంటున్నాను.

శ్రీకూర్మానికి ఆటోవాళ్ళు రానూపోనూ కలిపి చెప్పే రేటు ఎక్కువే. మేం వెళ్ళేటప్పుడు ఆటో, వచ్చేటప్పుడు బస్సు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మసీదుకి వద్దు, జుమ్మా నమాజు ఉంటుంది. మామూలు రోజు పది, పదకొండు మధ్య వెళ్తే నెమ్మదిగా చూడొచ్చు.