అరోరా నుంచి షికాగోకి మెట్రా రైలు: ఒక సిక్కోలు కండక్టరు మాట

కూతురో కొడుకో షికాగో దగ్గర అరోరాలో ఉండి, వీసా వచ్చి సూట్‌కేసులు సర్దుకుంటున్న మన సిక్కోలు (శ్రీకాకుళం) అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. "ఏటప్పా, అక్కడ కారు లేకపోతే గుమ్మం దాటలేమటగదా?" అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. దాటొచ్చు. ఆ ఊరి మధ్య నుంచి షికాగో నడిబొడ్డుకి రైలుంది. దాని పేరు మెట్రా, లైను పేరు బీఎన్ఎస్ఎఫ్. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. విశాఖ ఎక్స్‌ప్రెస్ దగ్గర్నుంచి పల్లెవెలుగు దాకా అన్నిటిలోనూ టికెట్లు కొట్టాను. ఏ బండి ఎక్కినా సీటు మెత్తగా ఉందా లేదా అన్నది తర్వాత, టికెట్టు ఎలా ఇస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్నదే నా కళ్లకి ముందు కనిపిస్తుంది.

ముందు ఊరి సంగతి రెండు ముక్కలు. అరోరా ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగో తర్వాత పెద్ద ఊరు. 2020 జనాభా లెక్కల్లో 1,80,542 మంది. మనకి నాగావళి ఎలాగో వాళ్లకి ఫాక్స్ నది అలాగ, ఊరిని రెండుగా చేసుకుని మధ్యలోంచి పోతుంది. నదిలో స్టోల్ప్ అని ఒక లంక ఉంది, పాత బజారులో పెద్ద భవనాలు కొన్ని దాని మీదే కట్టారు. 1881లోనే వీధుల్లో కరెంటు దీపాలు వెలిగించారు, అందుకని దీపాల నగరం అని పిలుచుకుంటారు. వాన దెబ్బ కూడా బాగా తెలిసిన ఊరు. 1996 జూలైలో 24 గంటల్లో దాదాపు 17 అంగుళాల వాన పడింది. ఆ రాష్ట్రం మొత్తానికి అదే రికార్డు. ఒడిశా కొండల్లో వాన మొదలైతే తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తారా లేదా అని కబురు కోసం చూసే మనలాంటివాళ్లకి ఆ ఊరు పరాయిదనిపించదు.

అసలు తేడా స్టేషను దగ్గర వస్తుంది. మనకి రైలుందంటే ఉంది. కానీ శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది. తెల్లారి రైలుకి పోవాలంటే ముందు రాత్రే ఆటో మాట్లాడుకోవాలి, పది కిలోమీటర్ల పైన చీకట్లో పోవాలి. అందుకే మన ఊరివాళ్లు విశాఖకి రైలు వదిలేసి ఆర్టీసీ కాంప్లెక్సుకే వస్తారు. అరోరాలో పట్టాలు ఊళ్లోకే వచ్చాయి, ఎందుకంటే వేయించుకున్నది ఆ ఊరివాళ్లే. 1849లో అరోరా బ్రాంచ్ రైల్‌రోడ్ అని కంపెనీ పెట్టుకున్నారు. అదే పెరిగి పెరిగి బర్లింగ్టన్ అనే పెద్ద రైల్వే అయింది. స్టేషను పక్కనే 1856 నాటి గుండ్రటి రాతి షెడ్డు ఇంకా నిలబడి ఉంది. ఒకప్పుడు ఇంజన్లు బాగుచేసిన చోటు, ఇప్పుడు ఇంజన్లు లేవు. రైలు దిగి కాస్త నడిస్తే నది, నది మీద నడిచేవాళ్ల కోసమే వేసిన వంతెన. పెట్టెలూ సంచులూ లేకపోతే ఆటో అవసరమే రాదు.

ఇక రైలు. రెండంతస్తుల పెట్టెలు. కింద మామూలుగా ఇద్దరు కూర్చునే సీట్లు. పైన మాత్రం రెండు వైపులా ఒంటి సీట్ల వరస, మధ్యలో ఖాళీ. పై అంతస్తు నేల మధ్యలో కోసేసి ఉంటుంది. ఎందుకలా చేశారా అని మొదట నాకు అర్థం కాలేదు. కండక్టరు వచ్చాక తెలిసింది. కింద నడవాలో నిలబడే, చెయ్యెత్తి పైవాళ్ల టికెట్లు చూసేస్తోంది! మెట్లెక్కి దిగే పని లేదు, ఒక్క నడకలో రెండంతస్తులూ అయిపోతాయి. ఈ రకం పెట్టెలు మొట్టమొదట నడిచింది 1950లో, ఇదే లైన్లో. ఎవరో కండక్టరు కాళ్ల గురించి ఆలోచించి గీసిన పెట్టె అది. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరైనా మా గురించి కూడా అలా ఆలోచించి ఉంటే నా మోకాళ్లు ఇంకోలా ఉండేవి.

ఇంకో పద్ధతి ఉంది, అది నాకు మరీ నచ్చింది. టికెట్టు చూడగానే సీటు పైనున్న క్లిప్పులో చిన్న కాగితం ముక్క పెడతారు. మనం ఎక్కడిదాకా వెళ్తామో దాన్ని చూస్తే తెలిసిపోతుంది. తర్వాతి స్టేషన్లో కొత్తవాళ్లు ఎక్కితే కాగితం లేని సీటు దగ్గరే ఆగి అడుగుతారు. నిద్రపోయేవాళ్లని లేపరు, చూసిన టికెట్టే మళ్లీ చూపించమనరు. సంక్రాంతి ముందు రోజు బండిలో నిలబడ్డవాళ్లే నలభై మంది ఉంటే, ఎవరికి కొట్టాను ఎవరికి కొట్టలేదు అని మొహాలు గుర్తుపెట్టుకుంటూ, స్టేజీ దాటేలోపు ఎస్.ఆర్. అనే టికెట్ల లెక్క కాగితం రాసుకున్నదాన్ని. ఆ కాగితం ముక్క విలువ నాకు తెలుసు.

మా అమ్మాయి ఊరుకోక, "మా అమ్మ కూడా ఇండియాలో బస్సు కండక్టరే" అని ఆ కండక్టరుతో చెప్పేసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. నడుం దగ్గరున్న, టికెట్టుకి చిల్లు కొట్టే పంచ్ తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు ఎక్కువమంది ఫోన్లోనే టికెట్టు చూపిస్తారు గానీ పంచ్ ఇంకా ఉంచుకుంటారు. టికెట్లు ఇచ్చే టిమ్ మిషన్లు రాకముందు నేను వాడినదాని కంటే బరువుగా ఉంది, పట్టు దగ్గర ఇనుము అరిగి నున్నగా అయిపోయింది. ఒక కాగితం మీద కొట్టి చూశాను. టక్కుమని అదే చప్పుడు.

టికెట్టు సంగతి పిల్లల చేత ఫోన్లో టికెట్ల యాప్‌లో చేయించుకోండి. రైలెక్కే ముందు దాన్ని యాక్టివేట్ చెయ్యాలి, కొని ఊరుకుంటే చాలదు. ఛార్జీల కోసం దూరాన్ని బట్టి జోన్లు పెట్టారు, అరోరా నాలుగో జోన్. 2024 ఫిబ్రవరిలో మార్చిన పట్టిక ప్రకారం షికాగోకి ఒకవైపు 6.75 డాలర్లు, శని ఆదివారాల్లో రోజంతా ఎన్నిసార్లయినా తిరగడానికి 7 డాలర్ల పాసు ఉండేవి. మన డబ్బుల్లో ఆరు వందల దాకా. వెళ్లే ముందు ఇప్పటి ధర ఎంతో ఒకసారి చూసుకోండి. నా మాటకొస్తే శనివారం పాసుని మించిన బేరం అక్కడ ఇంకొకటి కనపడలేదు.

దూరం 37.5 మైళ్లు, అంటే 60 కిలోమీటర్లు. మూడు పట్టాలుండటంతో, అన్ని స్టేషన్లలో ఆగే బండిని పక్కన వదిలేసి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంది. ఎక్స్‌ప్రెస్ అయితే గంట పైచిలుకు, ఆగుతూ పోయేదయితే గంటన్నర దాకా. షికాగో వైపు పోయేటప్పుడు ఇంజను వెనకుండి తోస్తుంది, డ్రైవరు ముందు పెట్టెలో కూర్చుని నడుపుతాడు. ముందు ఇంజను లేదేమిటని కంగారు పడకండి.

పెద్దవాళ్లు చూసుకోవలసినవి కొన్నున్నాయి. పెట్టె మెట్లు ఎత్తుగా ఉంటాయి, రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా ఎక్కండి. పై అంతస్తు మెట్లు ఇంకా ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే కిందే కూర్చోండి. ఆఫీసు వేళల్లో ఒకటి రెండు పెట్టెలు నిశ్శబ్దంగా ఉండాల్సినవి. ఊరికి ఫోన్ చేసి చెల్లెలితో గట్టిగా మాట్లాడాలనుకుంటే ఆ పెట్టెలు ఎక్కొద్దు. శని ఆదివారాలు బళ్లు తక్కువ, తిరుగు బండి టైము కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

రైలు చేరని చోటు ఒకటుంది. అరోరాలోనే సల్లివన్ రోడ్డు మీద 1986 నుంచి ఉన్న వేంకటేశ్వర స్వామి గుడి. స్టేషను నుంచి నడిచే దూరం కాదు. అక్కడికని ఒక టాక్సీవాళ్లకి ఫోన్ చేసి చెప్పాం, వస్తామన్నవాళ్లు రాలేదు, చలిలో నిలబడి నిలబడి చివరికి అల్లుడు పని మానుకుని వచ్చాడు. గుడికి మాత్రం పిల్లల కారులోనే వెళ్లండి.

షికాగోలో దిగేది యూనియన్ స్టేషను. 1925లో తెరిచారు. అందరూ గబగబా బయటికి పోతుంటారు, మీరు మాత్రం ఆ పెద్ద హాల్లో చెక్క బెంచీ మీద కాసేపు కూర్చోండి, పైకప్పు అద్దాల్లోంచి వెలుతురు పడుతూంటుంది. బయటికొచ్చి రెండు అడుగులేస్తే షికాగో నది. 1900లో ఆ నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పేశారు, ఊరి మురుగు తాగునీటి సరస్సులోకి పోకుండా. వంతెన దాటగానే విల్లిస్ టవర్, 110 అంతస్తులు. పులిహోర డబ్బా వెంట పట్టుకెళ్లండి, నది ఒడ్డున కూర్చుని తినొచ్చు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. నేపర్‌విల్ తర్వాత రూట్ 59 అని స్టేషను వస్తుంది. మనవాళ్లు బోలెడంత మంది, తెలుగులో మాట్లాడుకుంటూ బ్యాగులు సర్దుకుని అక్కడే లేస్తారు. వాళ్లని చూసి మీరు లేవకండి. కండక్టరు "అరోరా" అని పిలిచేదాకా కూర్చోండి, అది ఆఖరి స్టేషను, అక్కడ బండి ఎలాగూ ఆగిపోతుంది.