గుంతకల్లులో 'ట్రాక్ వ్యూ' గది, కర్నూలులో కొలత తప్పిన ఇంజను

గుంతకల్లులో లాడ్జి తీసుకునేవాళ్లు ఒక కొలత టేపు వెంట పెట్టుకోండి. ఎందుకంటారా, చెప్తా.

నాది అనంతపురం. మేడ మీది చిన్న గదిలో హెచ్‌ఓ స్కేలు రైళ్లు, అంటే అసలు రైలును 87వ వంతుకు కుదించినవి, కట్టుకుంటూ ఉంటాను. మా ఆవిడ వాటిని బొమ్మలంటుంది, నేను మోడళ్లంటాను. పదకొండేళ్లుగా ఆ గొడవ తెగలేదు. ఏడో తరగతి చదివే మావాడికీ ఈ పిచ్చి అంటుకుంది. వాడిని, మా బామ్మర్దిని వెంటబెట్టుకుని శని, ఆదివారాలు గుంతకల్లు, గుత్తి, కర్నూలు చుట్టి రావాలని బయల్దేరాను. బామ్మర్దికి రైళ్లతో పని లేదు. ఉగ్గాని కోసం వచ్చాడు.

నాకు రెండు పనులున్నాయి. గుంతకల్లు జంక్షన్‌ను తీరిగ్గా చూసి, గదిలో ఒక గోడ పొడవునా ఆ స్టేషను కట్టడానికి కొలతలు రాసుకోవడం ఒకటి. కర్నూలులో ఒకాయన అమ్ముతానన్న డబ్ల్యూడీఎం-2 అనే పాత రకం డీజిల్ ఇంజను మోడల్ తెచ్చుకోవడం రెండోది. ధర 6,500. ఫోనులో మాట్లాడి 2,000 అడ్వాన్స్ ముందే పంపేశాను. మొదటి తప్పు అదే.

అనంతపురం నుంచి గుంతకల్లుకు ప్యాసింజరులో ముగ్గురికీ కలిపి 60 రూపాయలు. కిటికీ పక్క సీట్లు దొరికాయి. అంతకంటే చెప్పుకునేదేమీ లేదు.

గుంతకల్లుకు ఐదు దిక్కుల నుంచి రైలు దారులు వచ్చి కలుస్తాయి: రాయచూరు, గుత్తి, బళ్లారి, డోన్, ధర్మవరం వైపుల నుంచి. ఇప్పుడన్నీ బ్రాడ్ గేజే, అంటే పట్టాల మధ్య ఎడం ఎక్కువున్న పెద్ద లైన్లే. ఒకప్పుడు రాయచూరు, గుత్తి వైపు మాత్రమే బ్రాడ్ గేజ్, మిగిలిన మూడూ మీటర్ గేజ్. మద్రాసు నుంచి మద్రాస్ రైల్వే వాళ్లు, బొంబాయి నుంచి జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే వాళ్లు పట్టాలు వేసుకుంటూ వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలిశారు. ఆ తర్వాత 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. తిండిగింజలు పంపుదామంటే ఊళ్లకు దారి లేదు. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే తక్కువ ఖర్చులో అయ్యే మీటర్ గేజ్‌ను ఈ కరువు సీమలోకి తెచ్చింది. బ్రాడ్ గేజ్ అంటే పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ అంటే 1,000. ఒక గేజ్ బండి ఇంకో గేజ్ పట్టాల మీద నడవదు. ఆ 676 మిల్లీమీటర్ల తేడా వల్ల గుంతకల్లులో ఎన్ని లక్షల బస్తాలు చేతులు మారాయో!

ఇక లాడ్జి.

స్టేషనుకు దగ్గర్లోనే. పేరు రాయను. కౌంటరులో కుర్రాడు మామూలు గది 900, 'ట్రాక్ వ్యూ' గది 1,300 అన్నాడు. "రాత్రంతా బండ్లు కనపడతాయి సార్, పిల్లోనికి బాగుంటాది" అని మావాడి తల కూడా నిమిరాడు. నేను కరిగిపోయాను. 1,300 చేతిలో పెట్టి, మూడంతస్తులు మెట్లెక్కి, గదిలోకి పోయి కర్టెన్ లాగితే ఎదురుగా నల్లటి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు. పక్క బిల్డింగుది. ట్యాంకుకూ దాని వెనక గోడకూ నడుమ బెత్తెడు సందు. ఆ సందులో, మెడ బాగా పక్కకు వంచితే, ఒక సిగ్నల్ స్తంభం, దాని మీద ఎర్ర లైటు.

కిందికి దిగి అడిగాను. కుర్రాడు తడుముకోలేదు. "సిగ్నలు కనపడతాంది కద సార్. సిగ్నలు యాడుంటాది, ట్రాకు కాడనే కద."

బామ్మర్ది పక్కకు తిరిగి నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పైకి వెళ్లి టేపు తీసి కిటికీ చువ్వ నుంచి ట్యాంకు దాకా కొలిచాను. 62 సెంటీమీటర్లు. "హెచ్‌ఓలో ఏడు మిల్లీమీటర్లు నాన్నా" అన్నాడు మావాడు, అదేదో ఊరట అన్నట్టు. ఆ లెక్క చీటీ మీద రాసుకుని మళ్లీ దిగాను. అరగంట వాదిస్తే వంద రూపాయలు వెనక్కిచ్చాడు. ఆ వందలో ముప్ఫై పొద్దున వేడినీళ్ల బకెట్టుకు మళ్లీ లాక్కున్నాడు. దిండు నుంచి కొబ్బరినూనె వాసన. ఫ్యాను తిరుగుతుంటే మాత్రం అచ్చం పాత డీజిల్ ఇంజను ఐడ్లింగులో ఉన్నట్టు చప్పుడు. ట్రాక్ వ్యూ లేకపోయినా ట్రాక్ సౌండ్ ఇచ్చారు బావా అన్నాడు బామ్మర్ది.

నా సలహా ఏమంటే, గుంతకల్లులో రైళ్లు చూడాలంటే లాడ్జి కిటికీ నమ్మొద్దు. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ కొనండి, రెండు గంటలు చెల్లుతుంది. ఫుట్ బ్రిడ్జి ఎక్కి, నడిచేవాళ్లకు అడ్డం లేకుండా ఒక పక్కన నిలబడండి. మేం మూడు సార్లు కొన్నాం, మనిషికి ముప్ఫై. లాడ్జి వాడు ట్రాక్ వ్యూకని 400 తీసుకున్నాడు. కెమెరా బయటికి తీస్తే మాత్రం ఎవరో ఒకరు వచ్చి ఎందుకని అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఆ బ్రిడ్జి మీదే నా గోడ కల కూలిపోయింది. ఎల్‌హెచ్‌బీ అనే ఈ కాలపు రకం పెట్టె ఒకటి దాదాపు 23.5 మీటర్లు. 24 పెట్టెల బండి, ఇంజను కలపకుండానే, 565 మీటర్లు. దాన్ని హెచ్‌ఓలో, అంటే 87వ వంతుకు కుదిస్తే ఆరున్నర మీటర్లు. నా గోడ పదకొండు అడుగులు, 3.35 మీటర్లు. సరే, ఎన్ స్కేలుకు పోదామా అంటే 160వ వంతు, అప్పుడూ 3.53 మీటర్లు. 18 సెంటీమీటర్లు తక్కువ. ఇంకా చిన్నదైన జెడ్ స్కేలు 220వ వంతు. అందులో బండి పడుతుంది కానీ నా కళ్లకు పెట్టె తలుపు కనపడదు. "గోడ పగలగొడదాం నాన్నా" అన్నాడు మావాడు. వాళ్లమ్మ ముందు ఈ మాట అనొద్దని బామ్మర్ది హెచ్చరించాడు.

ఆదివారం పొద్దున స్టేషను బయట బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై. బొరుగులు సరిగ్గా నానాయి, మెత్తబడి ముద్ద కాలేదు. పుట్నాల పొడి చేతికి అంటుతోంది. బజ్జీ కొరికితే కళ్లలో నీళ్లు. బామ్మర్ది మూడు ప్లేట్లు తిని, ఈ యాత్ర తనవరకు అయిపోయిందని ప్రకటించాడు.

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న పెద్దాయన మావాడి చేతిలోని కాలిపర్, అదే చిన్న కొలతలు తీసే పనిముట్టు, చూసి అదేందని అడిగాడు. గూడ్స్ షెడ్డులో చేసి రిటైరైన మనిషి. వాడు రైళ్లు కొలుస్తున్నామని చెప్పగానే కుర్చీ మా వైపు తిప్పాడు. ఆ గంట కోసం లాడ్జి వాడిని కూడా సగం క్షమించాను.

"ఈ పక్క పెద్ద లైను వ్యాగను, ఆ పక్క చిన్న లైను వ్యాగను. నడుమ హమాలీలు. శెనక్కాయ మూటలు వీపు మీద మోసి దాంట్లోంచి దీంట్లోకి వేయాల. ట్రాన్షిప్‌మెంట్ అంటే అదే. ఒక మూట పగిలిందనుకో, మా పిల్లోళ్లందరికీ పండగే." చిన్న లైను పెట్టె పెద్ద లైను పెట్టె పక్కన నిలబడితే అన్న చొక్కా పట్టుకున్న తమ్ముడిలా ఉండేదట. నిజమే. మీటర్ గేజ్ పెట్టె వెడల్పు 2.74 మీటర్లు, బ్రాడ్ గేజ్‌ది 3.25. అర మీటరు తేడా పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

తర్వాత మమ్మల్ని ఒక కంచె దగ్గరికి నడిపించాడు. పాత పట్టా ముక్కలను రాతి కూసాల బదులు పాతారు. ఒకదాని నడుముకు అంటిన తుప్పును మావాడు గోటితో గీకితే '60', పక్కన 'ఆర్' అని ఉబ్బెత్తు అక్షరాలు. మీటర్ గేజ్ పట్టా. ఇక్కడ 60 అంటే గజానికి అరవై పౌన్లు, మీటరుకు సుమారు ముప్ఫై కిలోలు. ఇప్పుడు మెయిన్ లైనులో వేసే పట్టానూ అరవై అనే అంటారు, అది మాత్రం మీటరుకు అరవై కిలోలు. అంకె అదే, బరువు రెండింతలు. ఇది నాకు ముందే తెలుసు. అయినా తుప్పు కింద నుంచి ఆ అంకె పైకి తేలుతుంటే గుండె కొంచెం కొట్టుకుంది. టీ డబ్బులు నేనిస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. మా టీలకూ ఆయనే ఇచ్చాడు.

గుత్తికి బస్సు. కోట ఎక్కాం. మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోతే మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తరలించారని చెప్తే బామ్మర్ది "ఆయన్నీ ట్రాన్షిప్‌మెంట్ చేసినారా" అన్నాడు. మోకాళ్లు బాగా లేనివాళ్లు కింద నుంచే దండం పెట్టి వెళ్లండి. నీళ్లు మాత్రం తలా రెండు సీసాలు.

గుత్తి నుంచి కర్నూలుకు బస్సులో మనిషికి 150. దార్లో డోన్‌లో దిగి స్టేషను చూద్దామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

కర్నూలు ఆసామి ఇల్లు వెతుక్కోవడానికి ఆటోకు 120 అయ్యింది. మర్యాదగా కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చాడు. ఇంజను తెచ్చి బల్ల మీద పెట్టాడు. రంగు బాగుంది. పక్క గ్రిల్లులు, హారన్లు, మెట్లు అన్నీ ఉన్నాయి. కానీ చూడగానే ఏదో తేడా కొట్టింది. లావుగా ఉంది. సంచిలోంచి నా దగ్గరున్న హెచ్‌ఓ ఐసీఎఫ్ పెట్టె (పాత రకం ప్రయాణికుల పెట్టె మోడల్) తీసి పక్కన పెట్టాను. ఇంజను పెట్టెను మింగేసేలా ఉంది.

కాలిపర్ బారు చాలలేదు, టేపుతో కొలిచాను. 225 మిల్లీమీటర్లు. అసలు డబ్ల్యూడీఎం-2 బఫర్ల కొసల మధ్య 17.12 మీటర్లు. 87తో భాగిస్తే 197 రావాలి. 225 వచ్చిందంటే ఇది 76వ వంతు, అంటే ఓఓ స్కేలు.

"పట్టాల మీద కరెక్టుగా కూచుంటాంది కద సార్, హెచ్‌ఓనే" అని ఒక పట్టా ముక్క తెచ్చి దాని మీద నిలబెట్టి చూపించాడు. తెలియనివాళ్లు పడేది ఇక్కడే. రెండు స్కేళ్లకూ పట్టా ఒకటే, 16.5 మిల్లీమీటర్లు. వెనకటికి బ్రిటన్‌లో ఇంజన్లు చిన్నవి. హెచ్‌ఓ కొలతకు చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని పట్టాను అలాగే ఉంచి పైన ఒళ్లు మాత్రం పెంచారు. హెచ్‌ఓ అంటే హాఫ్ ఓ, ఓ స్కేలులో సగం. ఓఓ అంటే ఆ సగం మీద కొవ్వు పట్టినది. కాబట్టి పట్టా మీద కూర్చుంది అన్నది ఏ స్కేలుకూ రుజువు కాదు. కొనేటప్పుడు పొడవు కొలవండి, మనిషి మాట వినొద్దు.

ఆ మాటకొస్తే హెచ్‌ఓ కూడా మనకు పూర్తి న్యాయం చేయదు. 16.5ను 87తో గుణిస్తే 1,435 వస్తుంది, అది యూరప్ వాళ్ల గేజ్. మన 1,676కు 19 మిల్లీమీటర్ల పైన కావాలి. అలాంటి పట్టా అంగడిలో దొరకదు కాబట్టి మన బండ్లన్నీ ఇరుకు చెప్పులు వేసుకున్నట్టే నిలబడతాయి. ఇదంతా ఆసామికి చెప్పాను. ఆయన ఇంకో గ్లాసు మజ్జిగ పోశాడు.

ఇంజను వద్దు, అడ్వాన్స్ తిరిగివ్వమన్నాను. "ఖర్చయిపోయినాయి సార్." రెండు వేలూనా? "రెండు వేలూ." బామ్మర్ది గొంతు పెంచబోయాడు, నేను ఆపాను. మజ్జిగ తాగిన ఇల్లు. చివరికి లోపలికి వెళ్లి అట్టపెట్టెలోంచి రంగు వేయని ఒక పెట్టె బాడీ తెచ్చాడు, రెండు వేలకు సరి అని. ఎనిమిది వందలు కూడా చేయదు. విసుగ్గా కాలిపర్ పెట్టాను. వెడల్పు 31.5 మిల్లీమీటర్లు. మళ్లీ పెట్టాను. అంతే. పొడవు 224. మీటర్ గేజ్ పెట్టె, సరిగ్గా 87వ వంతుకు. అదేమిటో ఆయనకే తెలియదు. సన్నగా ఉందని పక్కన పడేశాడట.

నోరు మూసుకుని తీసుకున్నాను. పన్నెండు వందలు మునిగానన్నది మాత్రం మరచిపోలేదు, ఆయనకు ఫోను చేసినప్పుడల్లా గుర్తుచేస్తున్నాను.

కొండారెడ్డి బురుజు దగ్గర ఒక ఫొటో, రాత్రి బస్సు, తెల్లవారేసరికి ఇల్లు. ముగ్గురికీ మొత్తం ఖర్చు, ఆ రెండు వేలు కలపకుండా, 3,870. నల్లమలలో బొగద సొరంగం, దొరబావి వైపు పాత మీటర్ గేజ్ దారి చూడటం ఇంకోసారికి పెట్టుకున్నాం. అది అడవి, అనుమతి అడగాలి.

పెట్టెకు చక్రాలు బిగిద్దామంటే దానికి 12 మిల్లీమీటర్ల పట్టా కావాలి. మా ఇంట్లో ఉన్నదంతా 16.5. అప్పటిదాకా దాన్ని పట్టా పక్కనే బల్ల మీద ఉంచాం. మావాడు నిన్న సాయంత్రం హెచ్‌ఓ వ్యాగనులో శెనక్కాయ విత్తనాలు నింపుకొచ్చి, ఒక్కొక్కటీ రెండు వేళ్లతో ఎత్తి చిన్న లైను పెట్టెలోకి మారుస్తున్నాడు. కింద పడ్డవన్నీ బామ్మర్ది తింటున్నాడు.