గ్యారేజీ సామాను సర్దాలంటే: బీరువానా, అరలా, గోడ కొక్కేలా, అటకా – ఏది మేలు?

వానలు తగ్గాక ఒకరోజు గ్యారేజీలో నేల మీదున్న అట్టపెట్టెను పైకెత్తాను. పెట్టె చేతుల్లోకి వచ్చింది, అడుగు మాత్రం నేలకే అంటుకుపోయింది. చెమ్మ పీల్చి పీల్చి అట్ట గుజ్జులా అయిపోయింది. లోపలున్నదంతా కాళ్ల దగ్గర కుప్పగా పడింది. ఆ కుప్పలో 10 నంబరు స్పానర్లు మూడు ఉన్నాయి. మూడూ నేను వేర్వేరు సార్లు కొన్నవే. ఉన్నది దొరక్క, పోయిందనుకుని ఇంకోటి కొన్నాను. అదీ చివరికి అదే పెట్టెలోకి చేరింది.

అప్పటి నుంచి ఏ వస్తువుకైనా చోటు చూసేటప్పుడు నేను అడిగేది ఒకటే: ఇక్కడ పెడితే కంటికి కనిపిస్తుందా? తలుపుల బీరువా కొనాలా, తెరిచి ఉండే అరలు పెట్టుకోవాలా, గోడకు కొక్కేలు బిగించాలా, పైన అటక వేయించాలా అన్న ప్రశ్నకు కూడా నా జవాబు దీని నుంచే వస్తుంది.

అయితే వీటిలో ఏది కొనాలన్నా ముందు సామాను తగ్గాలి. టొయోటా లాంటి జపాన్ ఫ్యాక్టరీల్లో వాడే 5ఎస్ పద్ధతిలో మొదటి మెట్టు సెయిరి, అంటే అక్కర్లేనివి ఏరి తీసేయడం. రెండోది సెయిటన్, అంటే మిగిలినవాటికి చోటు చూపించడం. మనలో చాలామంది ఈ వరస తిరగేస్తాం. ముందు ర్యాకు కొంటాం, తర్వాత దాని నిండా పాత సామానే పేరుస్తాం. అలా చేస్తే చెత్తకు ఒక మంచి ఇల్లు కట్టినట్టే అవుతుంది.

ఏరడంలోనూ రెండు దారులున్నాయి. రోజుకో మూల శుభ్రం చేసుకుంటూ పోవడం ఒకటి, ఒకే రకం వస్తువులన్నీ ఒకచోటికి తెచ్చి చూడటం ఇంకోటి. మూల మూలగా చేస్తే అలసట తక్కువ, కానీ ఆ మూడు స్పానర్లు ఎప్పటికీ ఒకదాని పక్కన ఒకటి కనిపించవు. నా ఓటు రెండోదానికే. ఈ వారం పనిముట్లు, వచ్చే వారం పెయింట్ డబ్బాలు, ఆ తర్వాత వైర్లు, పైపులు. రోజంతా ఖాళీగా ఉండి, ఆకాశం తెరిపిగా ఉంటే మొత్తం బయట పరిచేయడం అన్నిటికన్నా మంచిది. ఏదీ తేల్చుకోలేని వస్తువుకు ఫ్యాక్టరీల్లో ఎర్ర చీటీ కడతారు. మనమూ ఆ పని చేయొచ్చు. చీటీ మీద ఆ రోజు తేదీ రాసి కట్టేయండి. ఏడాది తిరిగేసరికి చీటీ అలాగే వేలాడుతుంటే ఇక టెన్షన్ అక్కర్లేదు, ఇచ్చేయొచ్చు. పాత టైర్ల విషయంలో ఆ చీటీ కూడా అవసరం లేదు. టైరు పక్కన DOT అన్న అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. దాన్నిబట్టే ఉంచాలో వదిలించుకోవాలో తెలిసిపోతుంది.

ఇక అసలు పోలిక.

బీరువా చూడటానికి ఎంత బాగుంటుందో! తలుపు మూస్తే గ్యారేజీ సర్దినట్టే కనిపిస్తుంది, దుమ్ము పడదు. దాని ఇబ్బందీ అక్కడే ఉంది. తలుపు వెనక ఏముందో రెండు నెలల్లో మర్చిపోతాం. మూసేస్తే కనపడదు కదా అని చేతిలో ఉన్నదల్లా లోపలికి తోసేయడం అలవాటవుతుంది. అందుకే మామూలు సామానుకు బీరువా వద్దంటాను. కానీ కొన్నిటికి మాత్రం తాళం ఉన్న బీరువా తప్ప ఇంకేదీ పనికిరాదు. పురుగుమందులు, యాసిడ్, బ్లీచ్, పెయింట్‌లో కలిపే థిన్నర్ లాంటివి పిల్లల చేతికి అందకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మిగతావన్నీ ఆపి ముందు ఈ బీరువా తెచ్చుకోండి. అందులోనూ బ్లీచ్‌నూ యాసిడ్‌నూ ఒకే అరలో పెట్టకండి. రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

పెట్రోలుకు మాత్రం ఈ బీరువా కూడా సరిపోదు. సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతూ పోతుంది. అదే గదిలో గ్యాస్ గీజరో, బ్యాటరీ చార్జరో ఉంటే నిప్పురవ్వ చాలు. ఇంకో విషయం చాలామందికి తెలియదు. చెక్కకు అవిసె నూనె పాలిష్ పట్టిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ నూనె ఆరుతూ లోలోపలే వేడి పుట్టిస్తుంది. ఎవరూ నిప్పు పెట్టకుండానే గుడ్డ అంటుకోవచ్చు. దాన్ని ఇంటి బయట విప్పి పరిచి ఆరనివ్వాలి. సర్దడమంటే అందం ఒక్కటే అనుకునేవాళ్లకు ఇది నేను మరీ మరీ చెప్తాను.

తెరిచి ఉండే అరల్లో అన్నీ కనిపిస్తాయి, అయితే లోతు ఎక్కువైతే ఆ లాభం పోతుంది. 24 అంగుళాల లోతున్న అరలో ముందు వరస వెనక ఇంకో వరస దాక్కుంటుంది. 16 అంగుళాలు చాలు. అడుగు అర నేలకు కనీసం 4 అంగుళాలు ఎత్తులో ఉండాలి, ఎందుకంటే సిమెంటు నేల కింది చెమ్మను పైకి లాగుతుంది. 20 లీటర్ల పెయింట్ బకెట్ నిండుగా ఉంటే 25 కిలోలు దాటుతుంది, కాబట్టి బరువైనవి కిందే ఉండాలి. ర్యాకును మాత్రం పైన గోడకు ఒక స్క్రూతో బిగించకుండా వదలకండి. అట్టపెట్టెల జోలికి మళ్లీ వెళ్లకండి. చెదలకూ బొద్దింకలకూ అట్ట అంటే ఇష్టం. మూతలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, పేరు మూత మీద కాకుండా ముందు వైపు రాయండి. ఒకదాని మీద ఒకటి పెట్టాక మూత ఎవరికి కనిపిస్తుంది? మిగిలిపోయిన పెయింట్ డబ్బా మీద ఏ గదికి వేశారో, ఎప్పుడు వేశారో కూడా రాసుకుంటే తర్వాత గోడ మీద మరక పడినప్పుడు పని సులువు.

గోడ గురించి చెప్పాలంటే నాకు కొంచెం ఎక్కువ ఉత్సాహం. గ్యారేజీలో అందరూ నేలను చూస్తారు, మూడు పక్కలా ఖాళీగా ఉన్న గోడలను ఎవరూ పట్టించుకోరు. పార, గునపం, నిచ్చెన, చీపురు, తోట పైపు... ఇవి అరలో పట్టవు, బీరువాలో పట్టవు. మూలన ఆనిస్తే ఒకటి తీయబోతే నాలుగు పడతాయి. కొక్కేనికి తగిలిస్తే నేలంతా ఖాళీ. చిన్న పనిముట్లకు పెగ్‌బోర్డు మంచిది. దానికి అంగుళానికి ఒక రంధ్రం చొప్పున ఉంటుంది, కొక్కేలను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. బిగించేటప్పుడు బోర్డుకూ గోడకూ మధ్య చెక్క పట్టీలు పెట్టి అర అంగుళం సందు ఉంచాలి, లేకపోతే కొక్కెం వెనక వంపు లోపలికి దూరదు. ఇటుక గోడకైతే రంధ్రం వేసి ప్లగ్గు కొట్టి స్క్రూ బిగించాలి. జిప్సం పలకల గోడకైతే వెనకున్న చెక్క నిలువుల్లోకే స్క్రూ దిగాలి, ఉత్త పలక బరువు ఆపదు.

తగిలించాక ప్రతి పనిముట్టు చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. సుత్తి ఆకారం, శ్రావణం ఆకారం బోర్డు మీద మిగిలిపోతాయి. ఏది తిరిగి రాలేదో ఆ ఖాళీ గీతే చెబుతుంది. ఇంట్లో వాళ్లకు కూడా ఎక్కడ పెట్టాలో చెప్పనక్కర్లేదు.

అటక సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఖాళీ సూట్‌కేసులు, గుడారం లాంటి ఏడాదికోసారి తీసే తేలికపాటివాటికి సరిపోతుంది. బరువైనవి వద్దు, వేడికి పాడయ్యే జిగురు, టేపులు వద్దు. గ్యారేజీ తలుపు పైకి జరిగేదైతే దాని దారికి అడ్డు రాకుండా చూడాలి.

ఒక్కటే చేయగలిగితే నేను గోడనే ఎంచుకుంటాను. ఇరుకు గ్యారేజీలో దానికి సాటి లేదు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు కొట్టనివ్వకపోతే విడిగా నిలబడే అరలు రెండో మాట. కానీ ఒక్క మేకు కూడా దిగకముందే కారును లోపల పెట్టి, నాలుగు తలుపులూ, డిక్కీ పూర్తిగా తెరిచి, ఆ అంచులు నేల మీద సుద్దముక్కతో గీసుకోండి. ఆ గీత లోపలికి ఏ అరా రాకూడదు. నేను గీయకుండా బిగించిన మొదటి ర్యాకును మళ్లీ ఊడదీయాల్సి వచ్చింది.

ఇప్పుడు మా పెగ్‌బోర్డు మీద 10 నంబరు స్పానర్ గీత ఒకటే ఉంది. రెండోది కారు డిక్కీలో ఉంటుంది. మూడోది మా బావమరిదికి ఇచ్చేశాను, తనది కనిపించడం లేదన్నాడు.