10 కిలోల చెక్క గానుగ: ఉద్యోగం మాని ఊరికొచ్చేవాళ్లు కొనొచ్చా?

హైదరాబాద్, విశాఖ ఉద్యోగాలు వదిలేసి విజయనగరం జిల్లా రాజాం, చీపురుపల్లి వైపు ఊళ్లకు తిరిగొచ్చేవాళ్లు ఆరా తీసే యంత్రాల్లో ఇదొకటి. దిరిసెన చెక్క రోలు, రోకలి, 3 హెచ్‌పీ మోటారు. వాయికి 10 కిలోల నువ్వులు పడతాయి. నిమిషానికి 15 చుట్ల దగ్గర నిదానంగా తిరుగుతుంది కాబట్టి నూనె పెద్దగా వేడెక్కదు, కమ్మదనం పోదు. మాకు బాగా నచ్చింది అదే.

పనితనమంతా తడిలో ఉంది. నువ్వుల్లో ఇసుక లేకుండా చెరిగి, ఎండబెట్టి పోయాలి. పది నిమిషాలకు గింజ నలిగాక అర కిలో తాటిబెల్లం వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించాలి. మొత్తం మీద అర లీటరు నుంచి ముప్పావు లీటరు. తక్కువైతే పిండి పొడిపొడిగా ఉండిపోయి నూనె విడవదు. ఎక్కువైతే నూనె పాలలా తెల్లబడి పిండిలోనే కలిసిపోతుంది, ఇక ఆ వాయి పోయినట్టే. వానాకాలం గింజే చెమ్మ పీల్చుకుని ఉంటుంది, నీళ్లు తగ్గించండి. పిండి పిసికి చూస్తే ముద్ద విడిపోకుండా నిలవాలి, అరచేతికి జిడ్డు అంటాలి.

ముప్పావు గంట, గంటలో 4 కిలోల నూనె, అంటే 4.3 లీటర్ల దాకా దిగుతుంది. స్టీలు పాత్రలో మూడు రోజులు తేరనివ్వాలి. తొందరపడి సీసాల్లో పోస్తే అడుగున మిగిలిన చెమ్మకు మక్కు వాసన వస్తుంది. నూనె తీశాక మిగిలే తెలగపిండికి ఇక్కడ గిరాకీ ఉంది, మునగాకుతో వండుకుంటారు కదా! బెల్లం వేసిన పిండి తియ్యగా ఉంటుందని మాత్రం ముందే చెప్పి అమ్మండి.

లోపాలూ ఉన్నాయి. కొత్త చెక్క మొదటి కొన్ని వాయిల నూనె తాగేస్తుంది. రోకలి అరిగే కొద్దీ సందు పెరిగి దిగుబడి పడిపోతుంది, అందుకే అదనపు రోకలి అప్పుడే అడిగి తీసుకోండి. సింగిల్ ఫేజ్‌లో సాయంత్రం వోల్టేజీ పడిపోతే మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు తప్పనిసరి. విడి నూనె అమ్మకూడదు, సీలు, లేబులు ఉండాలి.

రోజుకు నాలుగు వాయిలు హాయిగా ఆడించొచ్చు. ఎనిమిది ఆడించొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. శుభ్రం చేసే వేళ కూడా కలుపుకుంటే అది మళ్లీ ఆఫీసు టార్గెట్ లాంటి బతుకే. మొదటి ఏడాదే జీతమంత రావాలనుకునేవాళ్లకు మేం దీన్ని కొనమని చెప్పం.

కొనేముందు మీ నువ్వులే 10 కిలోలు పట్టుకెళ్లి కళ్లముందు ఒక వాయి ఆడించమనండి. నూనె, పిండి రెండూ తూచి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.